అవ్వ రూపాయిని గీకింది నేనే

మా ఇంట్లోని నిజాం కాలపు వెండి రూపాయి మీద రాజు పేరును గీకేసింది మా అవ్వ కాదు, నేను. ముప్పై ఏళ్లుగా ఊరంతా నమ్మిన మాటను మొన్న ఎల్లారెడ్డిలో అందరి ముందూ నేనే అబద్ధమని చెప్పేశాను. ఆ వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

అవ్వ అంటే మా నాయనమ్మ. గాంధారి దగ్గర మా ఊళ్లో ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఆ రూపాయి కోసం వచ్చేవాళ్లు. బొడ్డు ఉబ్బకుండా దాన్ని బొడ్డు మీద పెట్టి మెత్తటి గుడ్డతో కట్టేవాళ్లు. నాకూ కట్టారట.

కామారెడ్డిలో డిగ్రీ చదివేటప్పుడు మాకో వక్తృత్వ పోటీ పెట్టారు. మంచీ చెడూ రెండూ చేసిన పాలకులను నోట్ల మీద, నాణేల మీద వేసి గౌరవించాలా అన్నది విషయం. వద్దన్నాను. ఇప్పటికీ వద్దనే అంటాను. నోటు మీద వేసిన బొమ్మ ఆ పాలకుడి చేత దెబ్బలు తిన్నవాడి జేబులోకీ వస్తుంది. ఈ మాట చాలు. కానీ నాకు చప్పట్లు కావాలి! పోటీకి ముందు రోజు అవ్వ పెట్టెలోంచి రూపాయి తీసి, సైకిల్ షాపులో ఆకురాయి అడిగి పేరంతా అరగదీశాను. "మా అవ్వ కోపం ఇది!" అని వేదిక మీద ఎత్తి చూపాను. మొదటి బహుమతి నాదే. ఆ కథ మా ఊరంతా పాకింది.

ఇంటికొచ్చాక అవ్వ దాన్ని బొటనవేలితో తడిమింది. "గిట్ల గరుకు జేసినవేందిరా? పోరల పొట్ట గీరుకపోతది గదా!" అంది. తర్వాత ఎవరడిగినా ఇవ్వలేదు. "గట్టిదానివే అవ్వా, రాజు పేరే గీకినవట!" అని ఎవరైనా పొగిడితే, "ఆఁ, గీకిన తియ్," అని నా వైపు చూసేది. పోయేదాకా నన్ను పట్టివ్వలేదు.

మొన్న ఎల్లారెడ్డిలో మా అమ్మాయి కాలేజీలో అదే విషయం మీద పోటీ. బండి మీద నేనే తీసుకెళ్లాను. వేదికెక్కి బ్యాగులోంచి ఆ రూపాయి తీసింది! "మా ముత్తవ్వ ధైర్యం..." అని మొదలుపెట్టగానే లేచి నిలబడ్డాను.

"ఆగు బిడ్డా! గది అబద్ధం. గీకింది నేను."

హాలంతా గొల్లున నవ్వింది. వెనక నుంచి ఎవడో, "అంకుల్, మీరు ఏ టీం?" అని అరిచాడు.

అమ్మాయి ముఖం ఎర్రబడింది. "రెండు నిమిషాలే ఉన్నయ్ బాపూ. గిప్పుడు నేనేం చెప్పాలె?"

"జరిగిందే చెప్పు. అవ్వను అడగకుంటనే గీకిన."

కాగితం మడిచేసింది. "రాజు పేరు ఉండొద్దని మా బాపు ఒక్కడే తీర్పు జేసిండు. రూపాయి ఎవలదో ఆమెను అడగలే. నోటు మీద ఎవలుండాలె అన్నప్పుడు గూడ నేనదే అడుగుత. దాన్ని చేతుల పట్టుకునేటోళ్లను అడిగిండ్రా?"

అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను. ఏ వైపూ వాదించలేదని అమ్మాయికి బహుమతి ఇవ్వలేదు.

బయటికి రాగానే నా వీపు మీద ఒక్కటి వేసింది. "పరువు తీసినవ్! గని మస్తు మాట్లాడిన గదా?"

"మస్తు మాట్లాడినవ్!"

నేరుగా కంసాలి దుకాణానికి వెళ్లాం. "పేరైతే మల్ల రాదు సారూ. గరుకు మాత్రం పోతది," అన్నాడాయన. మెరుగుపెట్టి ఇచ్చాక అమ్మాయి రూపాయిని చెంపకు రాసుకుంది. "గీరుతలేదు బాపూ!"

ఊరు చేరాక బండిని ఇంటికి తిప్పలేదు. వెనక వీధిలో వారం కింద పుట్టిన పిల్లాడున్న ఇంటి ముందు ఆపాను. వాడి నాయనమ్మ రూపాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ అవ్వ గీకింది గిదేనా?"

"మా అవ్వ గాదు పెద్దమ్మా, నేను," అన్నాను. "జర గూసో, మొత్తం చెప్త."