మగ్గాల ఇంట్లో మాట

తమిళనాడు సరిహద్దున ఉన్న మా నగరిలో పంకజాక్షి అంగన్‌వాడీ ఆయా. పిల్లలకు అన్నం పెట్టి, ముక్కు తుడిచి, నిద్రపుచ్చడం ఆమె ఉద్యోగం. వాళ్ల వచ్చీరాని మాటలు వినడం మాత్రం ఆమె సొంత పిచ్చి. తెలుగు పిల్లలు 'రా రా' అనలేక 'లా లా' అంటారు, తమిళ పిల్లలు పండును 'పళం' అనలేక 'పయం' అంటారు. ఎవరు ఏమన్నా ఆమెకు ముద్దే. "పెదాలతో పలికేటివి ముందొస్తాయి. 'ర' వచ్చేదానికి శానా దినాలు పడతాది" అని నాకు ఎన్నిసార్లు పాఠం చెప్పిందో! నేను అడగకుండానే.

మా వీధి చివర పవర్‌లూమ్ మగ్గాలు నడిపే మునిశేఖర్ కూతురు లోహితకు రెండున్నరేళ్లు. నోట ఒక్క మాట లేదు. చెవులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాక, మునిశేఖర్ తప్పంతా భార్య మీద వేశాడు. వల్లిది తమిళనాడులోని తిరుత్తణి. "రెండు బాసలతో బిడ్డ తికమక పడతా ఉండాది. ఇంట్లో అరవం వద్దు" అన్నాడు. వల్లికి తెలుగు అంతంత మాత్రం. కన్నకూతురితో కబుర్లే మానేసింది పాపం. నాకు ఒళ్లు మండింది గానీ, అడిగే ధైర్యం ఎక్కడిది? పంకజాక్షికి ఉంది.

ఒక పొద్దున బిడ్డను అంగన్‌వాడీకి తీసుకెళ్లడానికి ఆమె ఆ ఇంటికి వెళ్లింది. మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి నేతగాళ్లు గొంతెత్తకుండా పెదాలు కదిపి మాట్లాడుకుంటారు. మునిశేఖర్ అలాగే మంచినీళ్లు అడిగాడు. లోహిత చెంబు తెచ్చిచ్చి, తనూ పెదాలు కదిపింది. పంకజాక్షి నేరుగా వెళ్లి మగ్గాలు ఆపేసింది.

"ఏం పంకజక్కా, నూలు తెగతాది!" అని అరిచాడు మునిశేఖర్.

"తెగనీలే. సూడు, బిడ్డ మాట్లాడతానే ఉండాది, మీ మాదిరే గొంతు లేకుండా. బాసలు రెండైతే ఏమబ్బా, నాలుగైనా నేర్చుకుంటారు బిడ్డలు. వినపడాల గదా!"

మొహం ముడుచుకున్నా, మునిశేఖర్ ఆనాటి నుంచి సాయంత్రాలు కాసేపు మగ్గాలు ఆపేవాడు. వల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని తన తమిళంలో కబుర్లు మొదలుపెట్టింది. పంకజాక్షి పని ముగించుకుని వచ్చి, మాటకు గొంతు ఎలా అదురుతుందో తెలిసేలా లోహిత అరచేతిని తల్లి గొంతు మీద ఆనించేది. నెలలు గడిచాయి. నేను ఆశ వదిలేశాను. ఆమె వదల్లేదు. అందుకే ఆ మనిషంటే నాకు అంత గౌరవం.

ఒక సాయంత్రం మునిశేఖర్ మళ్లీ మగ్గాలు నడపడానికి లేచాడు. వెనక నుంచి సన్నగా వినపడింది.

"ప్పా... అప్పా!"

మా ఇళ్లల్లో పిల్లలు తండ్రిని 'నాయనా' అని పిలుస్తారు. లోహిత తల్లి భాషలో పిలిచింది. మునిశేఖర్ ఉన్నచోటే కూలబడి, పసిపిల్లాడిలా ఏడ్చేశాడు.

"వల్లీ, ఇంగొకసారి పిలవమను. మీ అరవంలోనే పిలవమను."