ఇంజను బిగించిన సైకిలు

నా చిన్నప్పటి సంగతులు చాలావరకు తలచుకుంటే నవ్వొస్తుంది. ఇది ఒక్కటి తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లయినా ఆ మంట తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోవడం కూడా లేదు.

అప్పుడు నేను అయిదో తరగతి. మా అమ్మానాన్నలు మఠంపల్లి వైపు సున్నపురాయి క్వారీల్లో పనికి పోయేవాళ్లు. అక్కడ నా చదువు సాగడం లేదని నడిగూడెంలో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర ఉంచారు. మా తాతయ్య మోటార్లు, మందు కొట్టే పంపులు బాగుచేసేవాడు. చుట్టుపక్కల పది ఊళ్లలో ఏ చేనులో పంపు ఆగిపోయినా కబురు ఆయనకే వచ్చేది. ఒకసారి ఎవరిదో బావిలోకి మోటారు దించుతూ జారిపడ్డాడు. కుడి మోకాలు చితికిపోయింది. దవాఖానలో నెల రోజులుండి వచ్చాక కాలు నిలబడింది కానీ మోకాలు మళ్లీ వంగలేదు. సైకిలు తొక్కడం ఇక కుదరలేదు. మిషన్లేమో చేలల్లో, మనిషేమో ఇంట్లో. ఆ ఏడాదంతా ఆయన వాకిట్లో కూర్చుని, దారిన పోయే సైకిళ్ల వంక చూసేవాడు.

తర్వాత ఒక రైతు మూలన పారేసిన పవర్ స్ప్రేయరు ఇంజను ఆయన కంట పడింది. భుజాలకు తగిలించుకుని పత్తికి మందు కొడతారే, దాని ఇంజను. దాన్ని విప్పి, కడిగి, మళ్లీ బిగించి, తన పాత సైకిలు వెనక చక్రం మీద కూర్చోబెట్టాడు. ఇంజను తిరిగితే చిన్న రోలరు తిరుగుతుంది, రోలరు టైరును తిప్పుతుంది. వంగని కాలు పెట్టుకోవడానికి ముందు వైపు ఒక ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించుకున్నాడు. ఎంత కడిగినా ఆ ఇంజనుకు పురుగుమందు వాసన పోలేదు. అది బయలుదేరితే వీధి కుక్కలన్నీ వెంటపడేవి. దాని వేగం మాత్రం గట్టిగా తొక్కే కుర్రాడి సైకిలుకు మించి ఉండేది కాదు. అయినా తాతయ్య మళ్లీ పది ఊళ్లు తిరిగాడు. తాడు చుట్టి ఇంజను లాగడం ఆయన పని, రోలరును టైరు మీదికి దించే లివరు వదలడం నా పని. ముందు కడ్డీ మీద మడత పెట్టిన తువ్వాలు వేసుకుని నేను కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున పంపు వాషర్లు కొనడానికి ఇద్దరం కోదాడకు బయలుదేరాం. పెద్ద రోడ్డు ఎక్కాక ఒకచోట పోలీసులు బళ్లు ఆపుతున్నారు. వాళ్లు ఏ ఠాణా వాళ్లో చెప్పను, చెప్పినా ఇప్పుడు లాభం లేదు. కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎస్సై జీపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"కాగితాలు తియ్యి," అన్నాడు ఎస్సై.

"కాయితాలేంటియి సార్? గిది సైకిలు. పంపు ఇంజను బిగిచ్చిన, గంతే."

"పొగొచ్చే సైకిలు ఎక్కడుందిరా? లైసెన్సు లేదు, నంబరు లేదు, మళ్లీ పిల్లనొకదాన్ని ఎక్కించుకున్నావు. దిగు. కింద కూర్చో."

తాతయ్య దిగాడు. కూర్చోలేదు. "కూసోరాదు సార్. మోకాలు వంగది," అన్నాడు మెల్లగా.

అది నిజమని ఎస్సైకి తోచలేదు. ఎదురు చెబుతున్నాడనుకున్నాడు. చేతిలోని లాఠీ తీసి సరిగ్గా ఆ మోకాలి మీదే కొట్టాడు. మా తాతయ్య అరవలేదు. పక్కకు కూలబడ్డాడు. ఆ కాలు కర్రలా ముందుకు చాచుకుని ఉంది. నేను మాత్రం గొంతు చించుకుని అరిచాను. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర అయిదారుగురు గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. అందులో ఒకాయన మాకు బాగా తెలిసిన రైతు. ముందు వారమే ఆయన పంపు తాతయ్య బాగుచేసి ఇచ్చాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన తల అటు తిప్పుకున్నాడు.

సైకిలును ఠాణాకు తోసుకుపోయారు. చేతికి చిన్న చీటీ కూడా ఇవ్వలేదు. మేము బస్సులో ఇల్లు చేరాం.

అమ్మమ్మ ఉప్పు మూటతో కాపడం పెడుతూ ఏడ్చింది. చూడడానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట. పోయి కాళ్ల మీద పడు, ఎవరితోనైనా చెప్పించు, పెద్దవాళ్లతో పెట్టుకోకు. దెబ్బ తిన్న మనిషే ఏదో తప్పు చేసినట్టు మాట్లాడారు. నాకు వాళ్ల మీద కూడా కోపమొచ్చింది. బయటికి వచ్చి, గౌనులో పట్టినన్ని కంకర రాళ్లు ఏరుకున్నాను.

అప్పుడే పక్కింటి అక్క ఎదురుపడింది. అక్క టైపు నేర్చుకుని మిర్యాలగూడలో ఒక వకీలు దగ్గర పనిచేసేది. వారమంతా అక్కడే ఉండి, సెలవుకు ఇంటికి వచ్చేది. ఆ రాళ్లు ఎందుకని అడిగింది. ఎస్సై జీపు అద్దాలు పగలగొడతానని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"రాయి ఇసిరితె కేసు మీ తాత మీదనే అయితది. గా రాయి ఇడిసిపెట్టు. కాయితం తెచ్చుకొని రాయి," అంది.

నన్ను తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టుకుని, చూసిందంతా రాయమంది. నేను మొదట రాసిన దాంట్లో దుర్మార్గుడు, రాక్షసుడు, వాడి చేతులు పడిపోవాలి లాంటివే నిండా ఉన్నాయి. అక్క చదివి, ఒక్కో మాట కొట్టేసింది. "నీకు కోపమొచ్చిందని అందరికీ ఎరుకే. నువ్వేం చూసినవో గది ఎవరికీ తెల్వది. గది రాయి," అంది. లాఠీ ఏ చేత్తో పట్టుకున్నాడు? ఏ కాలి మీద కొట్టాడు? అంతకుముందు తాతయ్య ఏమన్నాడు? టీ కొట్టు దగ్గర ఎంతమంది ఉన్నారు? మూడుసార్లు రాయించింది. మూడోసారి అందులో ఒక్క తిట్టు కూడా లేదు. విచిత్రమేమిటంటే, చదువుతుంటే ఆ దెబ్బ మళ్లీ నా కళ్లముందే పడింది. కింద నా పేరు, తరగతి రాసి సంతకం పెట్టమంది. అది నా మొదటి సంతకం.

తర్వాతి వారం అక్క వకీలు గారి పుస్తకంలోంచి చట్టంలోని ముక్క ఒకటి చేత్తో రాసుకుని తెచ్చింది. నాలుగు కంటే తక్కువ చక్రాలుండి, ముప్పై అయిదు సీసీ మించని ఇంజను బిగించిన బండి అసలు మోటారు వాహనం కిందికే రాదని అందులో ఉంది. అప్పటి చట్టం అది. తాతయ్య మంచంలో లేచి కూర్చున్నాడు. ఆ ఇంజను పలక మీద ముప్పై అయిదు అని చెక్కి ఉంటుందని ఆయనకు తెలుసు. "మల్ల నన్నెందుకు కొట్టినట్టు?" అని మాత్రం అడిగాడు. 

ముగ్గురం ఠాణాకు పోయాం. సైకిలు గోడ పక్కన ఎండలో పడి ఉంది. అక్క చెప్పిందంతా విని ఎస్సై, "నాకే చట్టం చెప్తావా?" అన్నాడు.

"లేదు సార్. మీరు ఏ సెక్షన్ కింద పట్టుకున్నరో కాయితం మీద రాసియ్యండి. మేం కోర్టుల సూసుకుంటం," అంది అక్క. గొంతు పెంచలేదు.

ఎస్సై, ఠాణాలో కేసులు రాసే రైటరు వైపు చూశాడు. ఆ రైటరు పెన్ను తీసి, మళ్లీ కింద పెట్టాడు. రాయడానికి సెక్షన్ దొరకలేదు. ఎస్సై లేచి, "సరే, ముసలాడివని వదిలేస్తున్నా. తీసుకుపో," అన్నాడు.

నేను సైకిలు దగ్గరికి పరుగెత్తాను. తాతయ్య కదల్లేదు.

"ఇడిసిపెట్టుడు ఎందుకు సార్? తప్పు జేస్తే కేసు రాయండి. జెయ్యకపోతే జెయ్యలేదని రాయండి," అన్నాడు.

ఎస్సై ముఖం ఎర్రబడింది. రాసేది లేదు పొమ్మన్నాడు. తాతయ్య సైకిలును అక్కడే వదిలేసి, కర్ర పట్టుకుని బయటికి నడిచాడు. ఆ రోజు నాకు ఎస్సై మీద కంటే మా తాతయ్య మీదే ఎక్కువ కోపం వచ్చింది. చేతికి వచ్చిన సైకిలు ఎందుకు వదిలేశావని బస్సులో అందరి ముందూ ఆయన భుజం మీద గుద్దాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "వాడు ఇడిసిపెట్టిండంటే నేను దొంగనే గదనే బిడ్డా. రేపు ఇంకోడు ఆపుతడు, వాని కాళ్లు గూడ మొక్కాల్నా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ముఖం తిప్పుకుని కూర్చున్నాను.

అక్క సూర్యాపేటలోని పై అధికారికి అర్జీ టైపు చేసింది. దానికి నేను రాసిన కాగితం జత చేసింది. టీ కొట్టు దగ్గర చూసిన ఆ రైతును కూడా సాక్షిగా ఒక సంతకం పెట్టమని అడిగింది. "నాకెందుకు తల్లీ, పిల్లలు గలోణ్ణి," అన్నాడాయన. పత్తికి మందు కొట్టే రోజులు అవి. తాతయ్యకు ఏడాదికి సరిపడా పని దొరికే రోజులు. ఆయన మాత్రం కుంటుకుంటూ తనకు చేతనైన దూరమే పోయి వచ్చేవాడు. మిగతా పనులన్నీ పోయాయి. మొండితనం కూడు పెడుతుందా అని అమ్మమ్మ రోజూ సణిగేది.

మూడు వారాలకు సూర్యాపేట నుంచి పిలుపు వచ్చింది. అధికారి వయసులో పెద్దాయన. నా కాగితం చదివి, "ఇది నువ్వు రాసిందేనా?" అని అడిగాడు. అవునన్నాను. "ఎవరైనా చెప్పి రాయించారా?" అన్నాడు. "తిట్లు కొట్టేయించిండ్రు గని, రాసింది నేనే సార్," అన్నాను. ఆయన రవాణా శాఖ ఇన్‌స్పెక్టరును ఠాణాకు పంపించి ఇంజను పలక చూడమన్నాడు. దీనికి లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదని ఆ ఇన్‌స్పెక్టరు నాలుగు వరుసలు రాసి ముద్ర వేసిచ్చాడు. సైకిలు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ ఎస్సై మా ఎవరి ముఖమూ చూడలేదు.

అయితే మోకాలి సంగతి? విచారిస్తామన్నారు. ఎవరూ రాలేదు. ఎస్సైకి ఏమీ కాలేదు. తాతయ్య ఆ తర్వాత కర్ర లేకుండా నడవలేకపోయాడు. కొన్నాళ్లకు తల తిప్పుకున్న ఆ రైతే మళ్లీ పంపు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. తాతయ్య పంపు అందుకుని విప్పాడు. పానా అందియ్యమని నన్ను అడిగాడు. నేను ఇవ్వలేదు. ఆయనే కర్ర మీద లేచి తెచ్చుకున్నాడు. 

ఇప్పుడు నేను మిర్యాలగూడలో టీచరును. చట్టంలో ఆ అంకె తర్వాత ముప్పై అయిదు నుంచి ఇరవై అయిదుకు తగ్గింది. ఇప్పటి పిల్లలకు బ్యాటరీ సైకిళ్లు వచ్చాయి. రెండు వందల యాభై వాట్ల లోపు మోటారు ఉండి, గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు మించి పోనివాటికి లైసెన్సు అక్కరలేదు. అంతకు మించిపోయేవాటికి కావాలి. ఈ తేడా మా క్లాసులో ప్రతి పిల్లకూ చెబుతాను. అమ్మేవాళ్లు చెప్పరు, ఆపేవాళ్లలో కొందరికి తెలియదు.

మొన్న వానాకాలంలో మా తొమ్మిదో తరగతి అమ్మాయి బ్యాటరీ సైకిలు మీద పోతుంటే అలాగే ఒక కూడలిలో ఆపారు. నేను స్కూటీ పక్కన పెట్టి వెళ్లి నిలబడ్డాను. ఆ కుర్ర కానిస్టేబులు చెడ్డవాడు కాదు. ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని, పిల్లను పంపించేశాడు. అన్నిసార్లూ అంత తేలికగా అయిపోదని నాకు తెలుసు. పోలీసులను చూస్తే నాకు ఇప్పటికీ భయమే. స్కూటీ ఆపకుండా పోదామనే అనిపిస్తుంది ముందు. అయినా ఆపుతాను. దగ్గరికి వెళ్లి, "నేను చూశాను, నా పేరు రాసుకోండి" అంటాను.