సంబంధాలు చూడటానికి పోయిన థీసిస్

డెబ్బైల చివర్లో నేను అంతర్జాతీయ వాణిజ్యం, మానవ హక్కులు అనే రెండు పెద్ద మాటల్ని ఒక్క థీసిస్‌లో కూరడానికి బయలుదేరాను. విదేశాలకు పోయే బట్టల మీద మగ్గం చట్రం పెట్టి జరీ పని కుట్టే ఆడవాళ్లకు చివరికి దక్కుతున్నదేమిటన్నది నా ప్రశ్న. నయాపూల్ దాటి వెళ్లి, కిషన్‌బాగ్ గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగాను. చేతిలో లావుపాటి నోటుబుక్కు, ఒంటిమీద పట్టుచీర. చీర అమ్మ సలహా. "నలుగురిండ్లకు పోతున్నవ్, జర మంచిగ పో" అంది.

అబ్బ, ఎంత మర్యాద చేశారో! ఇంటింటా ఛాయ్, ఒక ఇంట్లో అయితే ఏకంగా సేమియా పాయసం. వయసెంత, ఏం చదివావు, రోజుకెన్ని గంటలు కుడతావు, అన్నదమ్ములేం చేస్తారు అని అడగడమే ఆలస్యం, జవాబులు టకటకా వచ్చేవి. నెల తిరిగేసరికి నోటుబుక్కు నిండింది, నేనూ కాస్త ఒళ్లు చేశాను.

తీరా అన్నీ కూర్చి చూద్దును కదా, ఆ గల్లీల్లో పందొమ్మిది దాటిన పిల్ల లేదు. రెండు గంటలకు మించి కుట్టే పిల్ల లేదు. అన్నదమ్ములందరికీ సర్కారు నౌకరీలే! మా గైడు సార్ కాగితాలు తిరగేసి, "మనకన్నా వీళ్లే సుఖంగా ఉన్నారమ్మా. సోమవారం సెమినార్‌లో ఇదే చదువుతావా?" అన్నారు. చదివితే ఎగుమతి షావుకార్లు నాకు పూలదండ వేసేవారు. నా మూడేళ్ల కష్టం మూసీ పాలు.

పరుగున పాయసం పెట్టిన ఇంటికే వెళ్లాను. ఆ ఇంటి పెద్దావిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఏమాయె బిడ్డా, పిల్లగాడు దొరికిండా?"

"ఏ పిల్లగాడు?"

"ఏందమ్మా గట్లంటవ్? మా పిల్లకు సంబంధం చూసెటందుకే కదా, అన్నీ రాసుకపోయినవ్!"

వయసు, చదువు, అన్నదమ్ముల నౌకరీ. పైగా పట్టుచీర. పెళ్లి సంబంధాలు చూసే ఆవిడ కాక ఇంకెవరడుగుతారు ఇవన్నీ? నవ్వాపుకోలేక గడప మీదే కూలబడ్డాను. నేను యూనివర్సిటీ మనిషినని చెప్పేసరికి ఆవిడా నవ్వు అందుకుంది. ఇరుగుపొరుగు చేరారు, గల్లీ అంతా ఒకటే లొల్లి. "అయితె మా పాయసం వాపస్ ఇయ్యి!" అంది పెద్దావిడ.

కడుపు పట్టుకునే అడిగాను, మరి రెండు గంటలే అని ఎందుకు చెప్పారని.

"పొద్దుందాక మగ్గం మీద వంగి కుడితె కండ్లు పోతయి. కండ్లు పోయిన పిల్లను ఎవరు చేసుకుంటరు?" అని, ఆవిడ కూతురి వైపు తిరిగింది. "తియ్యవే. ఈమె సంబంధాలామె కాదంట, ఫికర్ లేదు."

పందొమ్మిదని నేను రాసుకున్న ఆ పిల్లకు నిజానికి ఇరవై ఆరేళ్లు. మగ్గం కింది బట్టల మూటలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది. సోడా బుడ్డి అద్దాలు. అది చూసి మరో ఇద్దరు పిల్లలు ఇళ్లకు ఉరికి తమవీ తెచ్చుకున్నారు. ఈ పిల్ల నా మొహంలోకి తేరిపార చూసింది.

"అయ్యో అక్కా, నువ్వు గింత చిన్నదానివా! నేను మా అమ్మంత ఉంటవనుకున్న."

అందరూ మళ్లీ ఘొల్లుమన్నారు. నేను నవ్వలేకపోయాను. కొత్త పేజీ తీసి, ముందుగా ఆ పిల్ల వయసు సరిగ్గా రాశాను.