‘వస్తలే’ పాట వెనక అసలు సంగతి

మా పాట మీరు వినలేదంటే, తొంభైల మొదట్లో మీరు సూర్యాపేట చుట్టుపక్కల ఎక్కడా చాయ్ తాగలేదన్నమాట. ప్రతి హోటల్లోనూ ఒక టేప్ రికార్డర్ ఉండేది. అందులో మేముండేవాళ్లం.

మేమంటే ఇద్దరం. గిటార్ నాది, డప్పు నా మిత్రుడిది. గిటార్ తీగల మీద నాకు నాలుగు పట్లు వచ్చు. ఆ పాటకు మూడే కావాలి కాబట్టి వాయించేటప్పుడు నాలో ఒక నిండుదనం ఉండేది. వరుస మా అమ్మది. తిరుమలగిరి దిక్కు చేన్లలో కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు పాడుకునే వరుసకు నేను గిటార్ తగిలించాను. అలా చేయడాన్ని పేపర్లో ఏదో పెద్ద పేరు పెట్టి మెచ్చుకున్నారు. మా అమ్మ మాత్రం, “కలుపు తియ్యకుండ కలుపు పాట పాడవడ్తివి, శానా తెలివిగల్లోనివి” అంది.

పాట ఇలా మొదలవుతుంది:

*బస్సొచ్చె, బండొచ్చె, బజారంత వానొచ్చె*
*రమ్మన్న పిల్లేమొ వస్తలే అన్నదో, వస్తలే అన్నదో*

ఆ పిల్ల ఎవరు, ఎందుకు రానంది అని చాలామంది అడిగారు. అడిగినవాళ్లందరికీ ఒక్కో కథ చెప్పాను. ఇప్పుడు జరిగింది చెబుతాను. మిగతా కథలకంటే ఇందులో నా గౌరవం కొంచెం తక్కువ.

ఎనభైల మధ్యలో నేను సూర్యాపేటలో డిగ్రీ చదివాను. ఆమె కోదాడ నుంచి వచ్చి మా క్లాసులో చేరింది. కోదాడ మాట అప్పటికే సగం కృష్ణ దాటినట్టు ఉంటుంది. మొదటి వారంలోనే నా దగ్గరికి వచ్చి, “ఏవండీ, మీ నోట్సు ఒకసారి ఇస్తారా?” అంది.

“ఇస్తగని, ఏవండీ అనకు. మన పెండ్లయినట్టు అనుకుంటరు” అన్నాను. క్లాసంతా నవ్వింది. నా చదువులో నేను సాధించిన తొలి విజయం అదే.

ఆ తర్వాత మూడేళ్లు ఆమె మాటను పట్టుకుని వదల్లేదు. ఆమె ‘వెళ్తానండీ’ అంటే నేను ఆ ‘తా’ను గోడకు గోడకు మధ్య సాగదీసి చూపించేవాణ్ణి. “గంత దీర్ఘమెందుకు? మనకాడ జాగ తక్కువ, జర కురుచ చెయ్” అనేవాణ్ణి. ఆమె కోపగించుకునేది, తర్వాత నవ్వేది, తర్వాత నేర్చుకునేది. రెండో ఏడు వచ్చేసరికి, “ఏంది, పొద్దుగాల్నే పరేషాన్ జేస్తున్నవ్?” అని నన్నే అడగగలిగింది. అది నా రెండో విజయం, ఈసారి ప్రేమలో అనుకున్నాను.

పరీక్షలు అయిపోయి ఆమె కోదాడ వెళ్లింది. వాళ్లింట్లో సంబంధాలు చూస్తున్నారని తెలిసింది. మా అక్క మిర్యాలగూడలో ఉండేది. బావ రైస్ మిల్లులో గుమాస్తా. మా ఇంట్లో ఎవరి మాటైనా చెల్లుతుందంటే అది అక్క మాటే. ఆమె కోదాడ వెళ్లేముందే ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. నేను ఒకరోజు మిర్యాలగూడ రమ్మంటాను. ఆమె వస్తే అక్క ఇంటికి తీసుకుపోతాను. అక్కా బావా వెళ్లి కోదాడలో మాట్లాడతారు. ఆమెకు ఇష్టం లేకపోతే రావద్దు. నేను అడగనట్టే, ఆమె విననట్టే. కారణం కూడా చెప్పక్కర్లేదు. ఇంత ఉదారంగా ప్రేమించినవాడు జిల్లాలో మరొకడు లేడని నా నమ్మకం.

వాళ్లింట్లో ఫోను లేదు. పక్కనున్న ఎరువుల దుకాణానికి ట్రంకాల్ చేస్తే పిలిచేవాళ్లు. చేశాను. ఆమె వచ్చింది.

“ఆదివారం పదిగొట్టంగ మిర్యాలగూడ బస్టాండుకు వస్తవా?” అన్నాను.

వెనక ఎవరో రైతు యూరియా ఎప్పుడొస్తదని అడుగుతున్నాడు.

“వస్తలే” అంది.

మా దగ్గర పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బయటివాళ్లకు చెబుతాను. వస్తలే అంటే రావడం లేదు అని.

“సరే” అన్నాను.

“సరే” అంది. అంతే.

లైను బాగాలేదని మీరు అనుకోవచ్చు. లైను బ్రహ్మాండంగా ఉంది. రైతు యూరియా గురించి అడిగిన ప్రతి మాటా నాకు ఈరోజుకీ గుర్తుంది.

ఆదివారం నేను మిర్యాలగూడ వెళ్లలేదు. ఊళ్లో మా బోరు మోటారు విప్పి, మళ్లీ బిగించాను. రెండు నట్లు మిగిలాయి. అక్కకు ఏమీ చెప్పలేదు. కారణం అడగనని మాటిచ్చాను కాబట్టి ఆమెకు ఉత్తరం కూడా రాయలేదు. ఆమె నుంచీ రాలేదు. ఏడాదిలో ఆమె పెళ్లి అయిందని విన్నాను. ఆ నెలలోనే పాట రాశాను. మొదటిసారి పాడినప్పుడు నా మిత్రుడు విని, “అరే, నువ్వు ఏడుస్తే సూడబుద్ధి గాదుగని, రాస్తే మంచిగుంటది. ఇగ రాస్తనే ఉండు” అన్నాడు.

పాట మా చేతిలోంచి జారిపోయింది. క్యాసెట్ వచ్చింది. సూర్యాపేటలో ‘వస్తలే అన్నదో’ దగ్గరికి రాగానే పెద్దపెద్ద మగవాళ్లు నేల చూసేవాళ్లు. తుంగతుర్తిలో ఒకాయన లేచి బయటికి పోయి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఇన్ని ఊళ్లలో ఇంతమందిని ఏడిపించాక ఎవరికైనా కొంచెం ధీమా వస్తుంది. మాకు కొంచెం కంటే ఎక్కువే వచ్చింది.

ఆ ధీమాతోనే ఒకనాటి సాయంత్రం కోదాడలో ఒక బడి మైదానంలో పాడాం. పల్లవి రాగానే జనం చప్పట్లు కొట్టారు. తాళం వేస్తూ కొట్టారు. ముందు వరుసలో ఆడవాళ్లు ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు.

నా మిత్రుడు డప్పు ఆపకుండానే నా చెవి దగ్గరికి వంగాడు. “అరే, గింత దుఃఖంల ఈ సప్పట్లేందిరా?”

“కోదాడోళ్లు ధైర్యవంతులు” అన్నాను.

అయిపోయాక ఒక పెద్దావిడ స్టేజీ దగ్గరికి వచ్చింది. చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా. “పాట చాలా బాగుంది బాబూ. ఒక్క సంగతే అర్థం కాలేదు. ఆ పిల్ల వస్తాలే, వస్తాలే అని అన్నిసార్లు చెబుతోంది కదా. మరి ఆ కుర్రాడు ఎందుకేడుస్తాడు? కొంచెం ఓపిక పట్టొచ్చుగా?”

కలుపు పాట వరుసలో సరిగ్గా అక్కడ సాగదీసే చోటుంది. నేను ఆరేళ్లుగా ‘వస్తా...లే’ అనే పాడుతున్నాను. కోదాడలో వస్తాలే అంటే తప్పకుండా వస్తాను, నువ్వు కంగారు పడకు అని. ఎరువుల దుకాణంలో నలుగురు రైతుల మధ్య నిలబడి ఏ ఆడపిల్లా దీర్ఘం గట్టిగా తీయదు.

గిటార్ సంచీలో పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.

“ఏమైందిరా?” అన్నాడు మిత్రుడు. చెప్పాను. కాసేపు డప్పు మీద వేలితో గీతలు గీశాడు. “అంటే ఆ పిల్ల వస్తనన్నదా? ఆరేండ్ల సంది మనం ఉల్టా పాడుతున్నమా?”

“వచ్చిందో లేదో తెల్వదు.”

“పోయి అడుగు మరి. ఈసారి ఫోన్ల మాత్రం అడగకు.”

ఆమె కోదాడలోనే ఒక హైస్కూల్లో తెలుగు టీచరని నాకు తెలుసు. ఆమె ఆ రోజు ఏమన్నదో తప్ప ఆమె గురించి నాకు అన్నీ తెలుసు. మర్నాడు మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక వెళ్లాను. వరండాలో కుర్చీ వేసుకుని ఎర్ర పెన్నుతో నోటు పుస్తకాలు దిద్దుతోంది.

“మీరా, రండి” అంది. మీరు అయిపోయాను.

కుశల ప్రశ్నలు నాలుగు అయ్యాక అడిగాను. “ఆ ఆదివారం మిర్యాలగూడ వచ్చిన్రా?”

పెన్ను ఆగింది. “వస్తానని చెప్పి రాకుండా ఎలా ఉంటానండీ? పదింటికి ముందే దిగాను. రెండింటి దాకా బెంచీ మీద కూర్చున్నాను. ఒక ముసలాయన ఏ బస్సు కోసమమ్మా అని అడుగుతూనే ఉన్నాడు. ఒకసారి నల్గొండ అన్నాను. ఒకసారి హుజూర్‌నగర్ అన్నాను. మూడోసారి ఆయనే లేచి వెళ్లిపోయాడు.”

నేను విన్నదేమిటో చెప్పాను. ఆమె ఒక చిత్తుకాగితం మీద రెండు మాటలూ పక్కపక్కన రాసుకుని చూసింది. నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

“నేను దీర్ఘంతోనే చెప్పాను” అంది.

“నాకు వినవడలే.”

“వినపడదు. మూడేళ్లు కూర్చుని నా దీర్ఘాలన్నీ కోసేసింది నువ్వే కదా.”

నువ్వు అయ్యాను. సంతోషించే సమయం కాదని తెలిసి ఊరుకున్నాను.

“మరి తర్వాత ఒక మాట అడగకపోతివి?”

“ఏమని అడగను? నువ్వు అందర్నీ ఆట పట్టిస్తావు. ఇది కూడా నీ జోకే అనుకున్నాను.”

నా జీవితంలో చాలామంది నా జోకులు బాగాలేవన్నారు. ఇంత తక్కువ మాటల్లో ఎవరూ అనలేదు.

“ఇప్పుడు నాకేం లోటు లేదు” అంది. “మా ఆయన మంచివారు. నీ పాట స్నానం చేస్తూ పాడతారు కూడా. ఎవరి గురించో ఆయనకు తెలుసు. కానీ నా క్లాసు పిల్లలు కూడా పాడుతున్నారు. ఊరూరా నన్ను రాని మనిషిని చేశావు. నేను వచ్చాను. అది పాటలో ఉండాలి.”

“ఉంటది” అన్నాను. ఈ మాటలో ఆమెకూ నాకూ ఎలాంటి అనుమానానికీ చోటు లేదు.

నా మిత్రుడు ఒప్పుకోలేదు. “పాట ఖరాబైతదిరా. ఏడ్వనీకొచ్చినోళ్లకు వ్యాకరణం చెప్తవా?”

చెబుతానన్నాను. వారం కూర్చుని చివరి చరణం రాశాను:

*వచ్చింది పిల్ల, వచ్చి కూసున్నది*
*పొద్దు నెత్తి దాటె దాక బెంచిమీద ఉన్నది*
*చెవులున్న పిలగాడె చెవిటోడు అయ్యిండు*
*వచ్చిన పిల్లకు రానోడు అయ్యిండు*

మొదట ఎక్కడ పాడాలని ఆలోచించక్కర్లేదు. మిర్యాలగూడలోనే పాడాలి. పాడాను. మొదటి రెండు పాదాలకు జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడో పాదానికి వెనక నుంచి ఒక గొంతు, “అన్నా, పాతదే పాడరాదే, మంచిగ ఏడ్చుకుంట కూసున్నం” అంది. డప్పు కూడా ఆగింది. నేను గిటార్ ఆపలేదు. చరణం మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను. రెండోసారి డప్పు వచ్చి కలిసింది. ముందు వరుసలో మా అక్క కూర్చుని ఉంది. ఇన్నేళ్లకు ఆమెకు సంగతి అలా తెలిసింది. ఇంటికి వెళ్లాక అన్నం పెడుతూ, “ఆ పొద్దు నాకు జెప్తే నేనన్నా పోయి ఆ పిల్లను ఇంటికి దీస్కొద్దును గదరా” అంది. పప్పు మాత్రం ఎప్పటిలాగే రెండుసార్లు వేసింది.

ఆ తర్వాత పాడిన ప్రతిచోటా ఆ చరణంతోనే పాడాం. చివరికి వచ్చేసరికి కొందరు చాయ్‌కి లేచేవాళ్లు. లేవనిచ్చాం. కానీ క్యాసెట్ అప్పటికే తయారై ఊళ్లన్నీ తిరిగేసింది. దాంట్లో ఈ చరణం లేదు. ఇప్పటికీ ఎవరైనా కూనిరాగం తీస్తే పాతదే తీస్తారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆమె వచ్చింది. నాలుగు గంటలు కూర్చుంది.

చరణం కాగితం మీద రాసి ఆమె స్కూలు చిరునామాకు పోస్టులో పంపాను. వారానికి అదే కాగితం తిరిగివచ్చింది. నాలుగో పాదం కింద ఎర్రగీత. పక్కన, ‘వచ్చి, వచ్చింది, వచ్చిన: ఒక్క చరణంలో ఎన్నిసార్లు?’ అని ఉంది. అడుగున, ‘నడక కుంటింది. విషయం నిజం. పదికి ఆరు.’

మిత్రుడికి చూపించాను. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జాగ్రత్తగా మడిచి నా జేబులో పెట్టాడు.

“ఆరంటే ఫస్ట్ క్లాసే గదరా” అన్నాడు.