అవ్వ కషాయం, చిన్నమ్మ గిన్నె

నా చిన్నప్పుడు హెర్బల్ టీ అనే మాట మా ఊరికింకా రాలేదు. వచ్చి ఉంటే మా అవ్వ దాన్నీ కషాయమనే పిలిచి, బెల్లం చాలలేదని వంక పెట్టేది. మాది కర్నూలుకు పడమట, వాన ఎప్పుడు పడిందో ఊరంతా కలిసి గుర్తు చేసుకోవాల్సిన పల్లె. అక్కడ కాఫీ పెళ్ళిళ్ళకు, టీ బస్టాండుకు. ఇంట్లో మాత్రం పొద్దు వాలితే కషాయమే.

అవ్వ అంటే మా నాన్న వాళ్ళమ్మ. కషాయం పొడిని ఆమె అరుగు మీద కూర్చుని అందరి ఎదుటే దంచేది. ధనియాలు, శొంఠి, మిరియాలు, నీడలో ఆరబెట్టిన తంగేడు పూలు, చిన్న నన్నారి వేరు ముక్క. దాపరికమేమీ లేదు. అడిగిన వాళ్ళకు పొట్లం కట్టి మరీ ఇచ్చేది. అయినా ఆ పొడి తీసుకుపోయిన వాళ్ళెవరికీ ఆ రుచి కుదరలేదు. "ఆమె చేతిలో ఉండాదిలే" అని ఊరు తేల్చేసింది. అవ్వ కాదనలేదు. మా తాత ఆ గ్లాసు అందుకునేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అందుకున్నాక కూడా పెద్దగా మాట్లాడేవాడు కాదు గానీ, ఆ మౌనం వేరు.

మా ఇంట్లో నీళ్ళు రెండు రకాలు. పెరట్లో బోరింగు నీళ్ళు ఉప్పన. వంటకూ స్నానానికీ అవే. ఆ నీళ్ళలో కందిపప్పు ఉడికేది కాదు, అలసిపోయి లొంగేది. మంచినీళ్ళు మైలు దూరంలోని బావి నుంచి మా అమ్మ మోసుకొచ్చేది. అవి తాగడానికి మాత్రమే, పూటకు మనిషికొక చెంబు. నేనైతే నా చెంబు మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి బడికి పోయేదాన్ని. అవ్వ చెంబు కూడా పొయ్యి పక్కన మూత పెట్టే ఉండేది.

ఆ ఏడాది మా చిన్నాయనకు పెళ్ళయింది. చిన్నమ్మది రాజంపేట వైపు. చెయ్యేరు నది ఇసుకలో చేత్తో గుంట తీస్తే తియ్యటి నీళ్ళు ఊరే చోట పెరిగిన మనిషి. మోకాళ్ళ నొప్పులని అవ్వ సాయంత్రం కషాయాన్ని ఆమెకు అప్పగించింది. కొత్తకోడలు ఇంటి నియమం ప్రకారం బోరింగు నీళ్ళు గిన్నెలో పోసి, అవ్వ దంచిన పొడే వేసి కాచింది.

తాత ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "మందు బాగుండాదమ్మా. ఎవురికి జరం?"

చిన్నాయన నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సిందని ఆయనకు తర్వాత చాలాకాలం గుర్తు చేశారు.

మరునాటి నుంచి చిన్నమ్మ నన్ను పశువుల కొట్టం వెనక్కి పిలిచి, ముందుగా నాకు రుచి చూపించడం మొదలుపెట్టింది. "పాపా, నిజం చెప్పు. ఏం తక్కువైంది?" మిరియాలు అన్నాను. ఇంకోరోజు శొంఠి అన్నాను. నా సలహాతో మారిన ప్రతి కషాయమూ అంతకుముందు దానికంటే హీనంగా వచ్చింది. సలహాదారు ఉద్యోగం మాత్రం నాకు పోలేదు. బెల్లం పెంచితే ఉప్పూ తీపీ కలిసి, దేనికీ పనికిరాని మరో రుచి పుట్టింది. తాత గ్లాసు ముట్టుకోవడమే మానేశాడు.

ఒక మధ్యాహ్నం చిన్నమ్మ అటక మీది తన ట్రంకుపెట్టె దింపి దుమ్ము తుడుస్తోంది. "మా నాయన వస్తాండాడు. ఆయప్పతో పాటు పోతా. గ్లాసుడు కషాయం కాయను చాతగాని కోడలు ఈడ ఎందుకు?" అంది. నేను పోయి ఆ పెట్టె మీద కూర్చున్నాను. ఆ ఇంట్లో నన్ను కూర్చోబెట్టి అభిప్రాయం అడిగిన పెద్దమనిషి ఆమె ఒక్కతే.

ఆ పూటే అన్నాల దగ్గర ఎర్రకారం తగిలి చిన్నమ్మకు పొలమారింది. తన చెంబు ఖాళీ. పక్కనున్న అవ్వ గ్లాసు ఎత్తి గడగడా తాగి, సగంలో ఆగిపోయింది.

"అత్తా, ఇవి బోరింగు నీళ్ళు!"

"నాకలవాటేలే. అన్నం తిను."

"మరి నీ మంచినీళ్ళు యాడికి పోతాండాయి?"

అవ్వ అన్నం కలుపుతూనే ఉంది గానీ, చూపు ఆగలేదు. పొయ్యి పక్కకు పోయి వచ్చింది. మూత పెట్టిన చెంబు అక్కడే ఉంది. ఇన్నేళ్ళుగా అవ్వ తన వాటా మంచినీళ్ళు కషాయంలో పోసి, తాను ఉప్పునీళ్ళు తాగింది. కోడలు వచ్చాక కూడా చెంబు అక్కడే పెట్టింది, చెప్పలేదు. చెబితే కోడలు కూడా తన వాటానే పోసేస్తుందని కొంత. ఊరు మెచ్చిన చెయ్యి తనదొక్కటే కావాలని కొంత. ఇది ఆమె చెప్పింది కాదు, నేను ఆ వయసుకు వచ్చాక తెలిసింది.

సాయంత్రం చిన్నమ్మ ఆ చెంబును ముట్టుకోలేదు. ఖాళీ గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి ముందుకూ వచ్చింది. "కషాయం కావల్లంటే మీ చెంబులోంచి ఒక గుక్క పొయ్యండి."

"ఏందిది, కొత్త పన్నా?" అన్నాడు చిన్నాయన.

"కట్టకుంటే బోరింగు కషాయమే."

ఆయన కట్టాడు. నా వంతు వచ్చినప్పుడు మూత మీది రాయి దించడానికి కొంత సమయం పట్టింది. తాత ముందు గిన్నె ఆగింది.

"ఇన్నేళ్ళూ ఎవురి నీళ్ళు పోసినారు?" అన్నాడు.

చిన్నమ్మ అవ్వ వైపు చూసింది. అవ్వ చేటలో లేని రాళ్ళు ఏరుతోంది. తాత కాసేపు అవ్వనే చూసి, తన చెంబు ఎత్తి మొత్తం ఒంపేశాడు.

"మామా, ఒక గుక్క చాలు!"

"మిగతాది పాత బాకీలేమ్మా."

కషాయం కుదిరింది. తాత రెండో గ్లాసు అడిగాడు. చిన్నమ్మ పెట్టె అటక ఎక్కింది. రాత్రి అన్నాల దగ్గర అవ్వ తన చెంబులో మంచినీళ్ళు తాగి, "ఏం నీళ్ళో, చప్పగా ఉండాయి" అంది. అయినా చెంబు ఖాళీ చేసింది.

అవ్వ చేసింది గొప్ప పనే. కానీ ఎవరికీ చెప్పకుండా చేసే త్యాగం పక్కవాళ్ళను తెలియకుండానే దొంగల్ని చేస్తుంది. తాత వంటి మనిషికి ఆ సంగతి పెద్దతనంలో తెలియడం బాగుండదు. చిన్నమ్మ అది గుర్తించి, అందరినీ గుక్కెడు ఖర్చుతో దొరల్ని చేసింది.

ఇప్పుడు కర్నూలులో మా ఫ్లాటుకు నీళ్ళు క్యాన్లలో వస్తాయి. ఉప్పుండదు. కషాయం పెట్టేముందు నేనింకా గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరుగుతాను. కోడలు తన సీసాలోంచి కొంచెం పోస్తుంది. కొడుకు ఫోను నుంచి తలెత్తకుండా పోస్తాడు. అన్నీ ఒకే క్యాను నీళ్ళే కదా, ఎందుకిదంతా అని మొన్న మనవరాలు అడిగింది. రుచి కోసం అన్నాను. నమ్మలేదు గానీ, పోసింది.