బడేబీ కుట్టు గదిలో సర్పంచ్ అభ్యర్థులు

మల్దకల్ దగ్గరి మా ఊళ్లో సర్పంచ్ సీటు ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. వచ్చిందని చెప్పుకోవడమే. గోడల మీది రాతలు చూస్తే పోటీలో ఉన్నది మొగవాళ్లే అనిపిస్తుంది. రోజా పేరు చిన్నగా, ఆమె భర్త రాజు పేరు గోడంత. ఇంటింటికీ వచ్చి దండాలు పెట్టేటప్పుడు కూడా రాజే మాట్లాడతాడు. రోజా కొంగు సవరించుకుంటూ నవ్వుతుంది. ఆ నవ్వును చూసి మేం ఓటు వేయాలన్నమాట!

ఇదంతా చూసి బడేబీకి విసుగొచ్చింది. మా ఊరి ఆడవాళ్లందరికీ రవికెలు కుట్టేది ఆమే. అరవై దాటాయి, మెషిన్ తొక్కీ తొక్కీ మోకాళ్లు వాచిపోయాయి. భర్త పోయాక ఒంటరిది. బస్టాండు దగ్గర రాజుకున్న గది ఒకటి కిరాయికి తీసుకుంది. ముందు కుట్టుపని, వెనక పొయ్యి, పడక. రోడ్డుకు ఈవల నా కిరాణ దుకాణం.

"ఓటడుగుతున్నది ఎవరో తెల్వకుండ ఎట్లేస్తరే స్వరూపా? జర ఆ పిల్లల నోటెంట ఒక్క మాటన్న ఇనొద్దా?" అంది నాతో.

"పోయినసారి ఇనిపిస్తివి గద బడేబమ్మా. ఏమైంది?" అన్నాను.

పోయినసారి వార్డు మెంబర్లుగా నిలబడ్డ ఆడవాళ్లను ఇట్లాగే కూర్చోబెట్టి మాట్లాడించింది. గెలిచినామె ఆ తర్వాత ఒక్కనాడూ పంచాయతీ గడప తొక్కలేదు. మొగుడే పోయి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమైతది? ఏం కాలే," అని బడేబీ సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆమె ఉపాయం ఇది. ప్రచారానికి కొత్త చీరలు కట్టాలి కాబట్టి అభ్యర్థులిద్దరూ రవికెల కోసం ఆమె దగ్గరికే వస్తారు. కొలతలు తీసే చోటికి మొగవాళ్లు రారు. అదే సమయానికి నాతోపాటు నలుగురైదుగురు ఆడవాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టుకుని, తలుపు దగ్గరికేయడం.

మొదట రెబెకా వచ్చింది. మహిళా సంఘంలో గట్టిగా మాట్లాడే మనిషి. మాతో కూర్చున్న రాములమ్మ ముందుగా బెల్టుషాపు సంగతే ఎత్తింది. లైసెన్సు లేకుండా ఊరి నడుమ సీసాలమ్మే ఆ కొట్టు దగ్గరే ఆమె కొడుక్కి తెల్లారుతుంది, పొద్దుగూకుతుంది.

"బంద్ చేయిస్తవా బిడ్డా?"

"చేయిస్త పెద్దమ్మా. గని నేనొక్కదాన్నే పోతె నన్ను తంతరు. మీరు గూడ నా ఎనక రావాలె."

మాలో కొందరం తల దించుకున్నాం.

మరునాడు రోజాను రాజు బండి మీద తెచ్చి దింపాడు. వెంట లోపలికి రాబోయాడు. బడేబీ చేతిలో టేపు చూసి, నాలుక్కరుచుకుని, నా దుకాణం ముందుకు పోయి నిలబడ్డాడు. రాములమ్మ మళ్లీ అదే అడిగింది. రోజా తలుపు వైపు చూసింది.

"ఆ షాపు మా మరిదిదే గద పెద్దమ్మా. నేనేం జెప్పాలె? నన్ను అడిగి నిలవెట్టిండ్రా? సంతకం పెట్టుమన్నరు, పెట్టిన," అంటూ ఏడ్చినంత పని చేసింది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు, జాలేసింది.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. తెల్లారి రాజు బడేబీ గడప దగ్గర నిలబడి నవ్వుతూనే అన్నాడు.

"రూం మంచిగుందా బడేబమ్మా? ఎలక్షన్లయినంక ఎవలుంటరో, ఎవలు పోతరో సూద్దాం."

ఆ మోకాళ్లతో, ఆ మెషిన్‌తో ఆమె ఎక్కడికి పోతుంది? ఒంటరి ముసలిదానికి గది ఇచ్చే పుణ్యాత్ములు మా ఊళ్లో ఎవరూ లేరు. అయినా బడేబీ ఆగలేదు. గుడ్డ పట్టుకుని వచ్చిన ప్రతి మనిషికీ ఇద్దరూ అన్నది అన్నట్టు చెప్పింది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క దాచలేదు.

రోజానే గెలిచింది. ఓట్ల తేడా తక్కువే. దండలన్నీ రాజు మెడలో పడ్డాయి.

వారం తిరక్కుండానే రాజు మళ్లీ వచ్చాడు. ఈసారి కోపం లేదు, వెక్కిరింపూ లేదు.

"సర్పంచికి ఆఫీసు లేకుంటే ఎట్ల బడేబమ్మా? బస్టాండు కాడ గీ రూమే అక్కరకొస్తది. నెలాఖరుకు ఖాళీ జెయ్యి. మనసుల ఏం పెట్టుకోకు."

నాకు ఒళ్లు మండిపోయింది. అతను పోయేదాకా ఆగి, ఊళ్లో అందరినీ దులిపేశాను.

"సిగ్గు లేదు ఈ ఊరికి! అన్ని ఇని, అన్ని తెలిసి, మల్ల గాయనకే ఏసిండ్రు. గీళ్ల కోసం నువ్వెందుకు గింత పరేషానయితివి?"

"ఊరినేం అనకు స్వరూపా," అంది బడేబీ.

"ఎందుకనొద్దు?"

"నేను గూడ గాళ్లకే ఏసిన." నా మొహం చూడకుండా చెప్పింది. "రెబెకా గుర్తు మీదనే ముద్ర ఎయ్యాలని పోయిన. రూం పోతదని బుగులైంది. చెయ్యి రాలే."

బడేబీ కింద కూర్చుని కుట్టని గుడ్డలన్నీ మూట కట్టడం మొదలుపెట్టింది. నేనూ ఆమె పక్కన కూర్చుని మూట కొస ఒకటి పట్టుకున్నాను.