జట్కా గుర్రానికి వంశచరిత్ర

డెబ్భైల్లో తిరువూరు బస్టాండు దగ్గర జట్కాలు పలచబడ్డాయి. రిక్షాలు వచ్చాయి, విస్సన్నపేట బస్సులు పెరిగాయి. మిగిలిన జట్కాల్లో ఒకటి ఒక ముసలి సాయిబుది. ఆయన గుర్రం పొట్టిది. లావుపాటి మెడ, వెడల్పు వీపు, కురచ కాళ్లు. నొప్పులు పడే ఆడవాళ్లని ఆసుపత్రికి, మామిడికాయల బుట్టల్ని సంతకి అదే లాగింది. ఆ జాతికి గొప్ప అంటూ ఏదైనా ఉంటే అదే. అయితే ఆ గొప్ప ఎవరికీ అక్కర్లేదు. ఎక్కినవాళ్లకి సాయిబు వేరే కథ చెప్పేవాడు: "దీని తాతముత్తాతలు జమీందారుగారి లాయంలో పుట్టినవండీ." స్టాండులో ప్రతి బండివాడూ తన గుర్రం గురించి చెప్పేది అదే.

ఊరు ఊరంతా నవ్వుకునే ఆ కథని నెత్తికెత్తుకున్నవాడు ఒక్కడే, మామిడితోటల ఆసామి. నమ్మాడని అనలేను. ఆయనకది అవసరమైంది. పెద్దకొడుక్కి ఎ.కొండూరు సంబంధం కుదిరింది. వియ్యంకుడు చదువుకున్నవాడు, పేరున్న ఇంటివాడు. ఆసామి కలిమి నిన్నమొన్నటిది. వాళ్ల ముందు తమది తరతరాలుగా గుర్రాలు మేపిన వంశం అనిపించుకోవాలి, అంతే ఆయన కోరిక. ఆసామి తాత జీవితమంతా కాలినడకనే తిరిగిన మనిషి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు గాని ఎ.కొండూరుకి తెలియదు కదా! సాయిబు గుర్రాన్ని కొనేశాడు. పెళ్లికొడుకు దాని మీదే వస్తాడని చాటించాడు. అప్పట్లో నేను ఒక దినపత్రికకి వార్తలు రాసేవాణ్ణి. అందుకని ఆ వంశచరిత్రంతా కూర్చుని వినాల్సిన ఖర్మ నాకు పట్టింది.

"బండికి అలవాటైన గుర్రమండీ, మనిషి ఎక్కితే ఊరుకోదు" అని సాయిబు ముందే చెప్పాడు. మొదటిరోజే అది పెళ్లికొడుకుని గడ్డివాములో పారేసింది. దాంతో ఆసామి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఉలవలు వేయించి, బరకగా విసిరి, ముదురు బెల్లం పాకంలో నెయ్యి వేసి ఉండలు చుట్టించాడు. కొడుకు ఎక్కినప్పుడల్లా ఒకటి, నాలుగడుగులు వేస్తే ఇంకొకటి.

"పిల్లలకి చేసే సున్నుండల్లో నెయ్యి ఎక్కువైందని నన్ను తిడతారే, దీనికి గిన్నెలు గిన్నెలు పొయ్యమంటారేంటి?" అని భార్య అడిగింది.

"జమీందారీ గుర్రమే అది. నీకేం తెలుసు?"

"తెలీకేం! పోయినేడు దాని బండిలోనేగా ఆసుపత్రికెళ్లాను!"

ఆయన వినలేదు. వీపు మీద బండి పట్టీల ఒరిపిడికి పడిన మచ్చలు కనపడకుండా జరీ దుప్పటి కుట్టించాడు. పెళ్లినాటికి గుర్రం సాధువైన మాట నిజమే. కాకపోతే దానికి లోకంలో బెల్లం తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది.

మా వైపు ఆడపెళ్లివారు ఊరి మొదట్లోకి ఎదురొచ్చి, మగపెళ్లివారికి పానకం ఇస్తారు. కొత్త బెల్లం, మిరియాలు, యాలకులు కలిపి బిందెలతో తెస్తారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ప్రతి పెళ్లిలో ఆ పానకం తాగిన ఆసామి, గుర్రానికి నేర్పింది ఏమిటో, దాన్ని తీసుకెళ్తున్నది ఎక్కడికో ఒక్క క్షణం ఆలోచించలేదు.

ఎ.కొండూరు పొలిమేరలో సన్నాయి మోగుతోంది. బిందెలు దించారో లేదో, గుర్రం పెళ్లికొడుకుతో సహా తిన్నగా వెళ్లి పెద్ద బిందెలో మూతి పెట్టేసింది. కళ్లెం లాగినా, కేకలేసినా తల ఎత్తలేదు. పెళ్లికొడుకు దాని జూలు పట్టుకుని వేలాడుతున్నాడు.

"పెళ్లికొడుకెవరో మాకిప్పుడు తెలిసిందండోయ్!" అని ఆడపెళ్లివారిలో ఎవరో అరిచారు. అందరూ విరగబడి నవ్వారు.

ఆసామి మొహం నల్లబడింది. అయ్యో పొరపాటైందని ఒక్కమాట అని ఉంటే, అంతా నవ్వుతో సరిపోయేది. కానీ ఆయన చెయ్యెత్తాడు. "నవ్వకండి! ఇది మా వంశాచారం. తొలి పానకం గుర్రానికే. మా తాతగారి నాటి నుంచీ అంతే."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వియ్యంకుడు మాత్రం నవ్వలేదు. చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అడిగాడు.

"అలాగా బావగారూ! మాకు తెలీదు, ఏమనుకోకండి. మరి గుర్రం తరవాత ఎవరండీ?"

"ఎవరేంటండీ? ఇంటిపెద్దే!" అనేశాడు ఆసామి, ఛాతీ విరుచుకుని.

వియ్యంకుడు వెండి గ్లాసు తెప్పించాడు. పక్కన మూత తియ్యని బిందెలు రెండున్నాయి. వాటి వైపు చూడనైనా చూడలేదు. గుర్రం తాగిన బిందెలోనే, నురగ తేలుతున్న చోట నిండా ముంచి రెండు చేతులతో అందించాడు.

"ఆచారం తప్పకూడదు కదండీ."

సన్నాయి ఆగిపోయింది. రెండు ఊళ్ల జనమూ చూస్తున్నారు. ఆసామి గ్లాసులోకి చూశాడు, గుర్రం వైపు చూశాడు. కళ్లు మూసుకుని గడగడా తాగేశాడు. మీసాలు తుడుచుకుని, "మిరియాలు కాస్త తగ్గాయి" అన్నాడు.

వియ్యంకుడు ఇంకో గ్లాసు ముంచాడు.